నేర్పిన పదాలు వారానికే మర్చిపోతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న:
ఏడో తరగతికి ఇంగ్లీష్ చెప్తాను. సోమవారం ఇరవై పదాలు చదివించి అప్పజెప్పించుకుంటే అదే రోజు గడగడా చెప్పేస్తారు, మళ్లీ సోమవారానికి సగం మంది తెల్లమొహం వేస్తారు. పరిశోధనలో తేలిన పద్ధతులు నిజంగా క్లాసులో పనిచేస్తాయా, ట్రైనింగుల్లో చెప్పుకోడానికేనా?

జవాబు 1:
పనిచేస్తాయండి. మళ్లీ మళ్లీ చదివించడం తగ్గించి, పుస్తకం మూయించి గుర్తు తెచ్చుకోమనండి. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు. అచ్చం మీ సోమవారం కథే. నేనైతే క్లాసు మొదట్లో నాలుగు నిమిషాలు తీసుకుంటాను: నిన్నటివి రెండు పదాలు, పోయిన వారానివి రెండు, పోయిన నెలది ఒకటి, చిత్తుకాగితం మీద. మార్కులు వేయను, వేస్తే టెన్షన్‌తో పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు.

జవాబు 2:
ఇరవై చాలా ఎక్కువ, ఎనిమిది చాలు. దగ్గరి అర్థాల పదాలు ఒకేరోజు ఇవ్వకండి. ‘బారో’ (అప్పు తీసుకోవడం), ‘లెండ్’ (అప్పు ఇవ్వడం) కలిపి చెప్పి చేతులు కాల్చుకున్నాను, ఏడాదంతా తారుమారు చేశారు.

ప్రశ్న అడిగినవారు:
మరి తప్పు రాస్తే?

జవాబు 1:
అక్కడికక్కడే సరైనది చూపించి వాళ్లచేతే దిద్దించండి. ఆ పదం రెండ్రోజులాగి మళ్లీ అడగండి.