మిర్చిలో పారాక్వాట్: షీత్ లిక్విడ్ కావాలా, వద్దా?

ఏనుమాముల మిర్చి: వరంగల్‌లో పరిశోధన చేస్తున్నాను. మిరప కాయల్లో పారాక్వాట్ అనే కలుపు మందు అవశేషాలు కొలవాలి. దానికి రెండు ధనావేశాలు ఉంటాయి కనుక మామూలు సి-18 కాలమ్‌లో (నూనె స్వభావపు పూత ఉన్న పదార్థం నింపిన వేరుచేసే గొట్టం) నిలవదు. అందుకే క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌ను (సన్నటి గొట్టంలో కరెంటుతో అయాన్లను వేరుచేసే పద్ధతి) మాస్ స్పెక్ట్రోమీటర్‌కు (అయాన్లను బరువును బట్టి గుర్తించే యంత్రం) కలుపుదామనుకుంటున్నాం. రెంటి మధ్య ద్రవాన్ని కరెంటుతో తుంపరగా మార్చే ఎలక్ట్రోస్ప్రే ఉండాలి. గొట్టం కొస చుట్టూ అదనంగా పారించే షీత్ లిక్విడ్ ఉన్నది మేలా, లేనిది మేలా?

గొట్టం కొస: లేనిదే. క్యాపిలరీ నుంచి నిమిషానికి 100 నానోలీటర్లు వస్తుంటే దానికి 5 మైక్రోలీటర్ల ఐసోప్రొపనాల్ నీళ్లు కలుపుతారు. చిటికెడు చింతపండుకు బిందెడు నీళ్లు పోసి చారు అన్నట్టు. యాభై రెట్లు పలుచన! 2007లో మొయినీ అనే శాస్త్రవేత్త చూపిన పద్ధతిలో గొట్టం కొస గోడను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించి పలచబరచి, ఆ గోడ గుండానే కరెంటు పంపుతారు. కలిపేదేమీ ఉండదు.

కాజీపేట పెద్దాయన: యాభై రెట్లు పలుచనైతే సిగ్నల్ కూడా యాభై రెట్లు పడిపోతుందా? అవతలి కొసన బఫర్ (కరెంటు మోసే లవణ ద్రావణం) సీసా ఉండదు తమ్ముడూ, కరెంటు వలయం పూర్తి కావడానికి ఆ షీత్ ద్రవమే దారి. 1987లో రిచర్డ్ స్మిత్ బృందం ఈ రెండు యంత్రాలను కలిపింది. మరుసటి ఏడాదే షీత్ లిక్విడ్‌కు మారింది. ఊరికే మారారా?

గొట్టం కొస: పాత కథలు వద్దు. యాభై రెట్లా, కాదా?

హనుమకొండ వాసి: పారాక్వాట్ గాజుకు అంటుకుంటుంది. ముందు దాని సంగతి చూడండి.

కాజీపేట పెద్దాయన: యాభై పట్టుకుని వేలాడుతున్నారు. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు యూవీ కాంతితో కొలిచేటప్పుడు వాడిన ఫాస్ఫేట్ బఫర్‌నే అలాంటి పలచని కొసలోకి ఎక్కించాడు. పొద్దున చూస్తే కొసన ఉప్పు తెల్లగా పేరుకుని గొట్టం మూసుకుపోయింది. అమ్మోనియం అసిటేట్ లాంటి ఆవిరయ్యే లవణమే వాడాలని గోడ మీద రాసే ఉంది! కొత్తది రావడానికి నెలలు పట్టింది. షీత్ లిక్విడ్ స్ప్రేయర్ అయితే గొట్టం కొత్తది కోసి, కొసను 0.1 మిల్లీమీటరు బయటికి ఉంచి, మధ్యాహ్నానికి నడిపించేవాళ్లం.

గొట్టం కొస: గోడ మీద రాశారు, పక్కన నిలబడి చూపించారా? మా దగ్గర రెండేళ్లు యంత్రం గదికి తాళమే. ఆఖరి నెలలో తాళంచెవి ఇచ్చారు. నెబ్యులైజర్ గ్యాస్ (తుంపరకు తోడ్పడే వాయువు) ఎక్కువ పెట్టాను, అది గొట్టంలోని ద్రవాన్ని లాగేసి పీకులన్నీ (ఒక్కో పదార్థానికి వచ్చే సిగ్నల్ శిఖరాలు) ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఏడాది పోయింది. అది షీత్ లిక్విడ్ యంత్రమే సార్. మీ భయం స్ప్రేయర్ గురించి కాదు, మా చేతుల గురించి.

కాజీపేట పెద్దాయన: అవును, చేతుల గురించే. ఒక యంత్రం, పన్నెండు మంది. అది ఆగితే పన్నెండు థీసిస్‌లు ఆగుతాయి. నా లెక్క అది.

గొట్టం కొస: ఆ లెక్కలో నా ఏడాది ఎక్కడ రాశారు?

ఏనుమాముల మిర్చి: హనుమకొండ వాసి గారూ, మీ మాట చదివి చూసుకున్నాను. పోల్చడానికి పెట్టుకున్న మా ప్రామాణిక పారాక్వాట్ ద్రావణం గాజు సీసాలోనే ఉంది, మొన్నటి పీకు కన్నా నిన్నటిది చిన్నది. ఇవాళ ప్లాస్టిక్ సీసాల్లో కొత్తగా కలిపాను. క్యాపిలరీ గోడ కూడా గాజు లాంటిదే కదా, అక్కడ అంటుకోకుండా బఫర్‌లో ఫార్మిక్ ఆమ్లం ఎంత పెట్టమంటారు?