1973 ఓవర్‌లాండర్: లోపలంతా పీకి కొత్తగా కట్టాలా, ఉన్నదాన్నే నిలబెట్టాలా?

ప్లేనో_పాతబండి:

అందరికీ నమస్కారం. ఓక్లహోమాలో ఒక పొలం గట్టున పద్నాలుగేళ్లు కదలకుండా నిలబడి ఉన్న 1973 ఎయిర్‌స్ట్రీమ్ ఓవర్‌లాండర్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు లాంటిది) కొన్నాను. 27 అడుగుల పొడవు, రెండు యాక్సిల్స్ (చక్రాల ఇరుసులు), వెనకాల అడ్డంగా బాత్రూమ్. టైర్ల మీద నమ్మకం లేక ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి తెచ్చాను. ఇంటి ముందు పెట్టుకోవడానికి మా కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు కాబట్టి ఊరి బయట ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో ఒకటే చర్చ. లోపలున్నదంతా పీకేసి, గోడలకు తెల్ల రంగు వేసి, రాతి గట్టుతో కొత్త వంటగది, ఇండక్షన్, పైన సోలార్ పెట్టుకుందాం అంటుంది మా ఆవిడ. వచ్చే ఏడాది జూన్‌లో పిల్లల్ని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు తీసుకెళ్లాలని తన కోరిక. నాకేమో లోపల అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆ పాత సామాను మీదే మనసు. పై అరలకు తలుపులు ఉండవు, సన్నటి పట్టీలు పక్కపక్కన అతికించిన షట్టర్లు ఉంటాయి. పక్కకు తోస్తే మూల దగ్గర వంపు తిరిగి లోపలికి వెళ్లిపోతాయి. యాభై ఏళ్ల తర్వాత కూడా ఒక్క వేలితో కదులుతున్నాయి. వాటిని చెత్తలో వేయడానికి నాకు చేతులు రావడం లేదు.

మీలో ఈ పని చేసినవాళ్లు ఏమంటారు? ఏదో ఒకటి తేల్చుకుని పని మొదలుపెట్టాలి.

నెల్లూరోడు_ఆస్టిన్:

పీకేయ్ అన్నా, ఆలోచించకు. నాది 1976 ఆర్గోసీ. ఎయిర్‌స్ట్రీమ్ వాళ్లే చేసి, పైన రంగు వేసి అమ్మిన రకం. నేను కూడా మీలాగే పాత అందం పోకూడదని రెండేళ్లు లోపల ఏదీ కదపలేదు. ఎండాకాలం తలుపు తీస్తే చాలు, ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. ఎన్ని సార్లు కడిగినా పోలేదు. చివరికి లోపలి రేకులు విప్పితే, వేడీ చలీ ఆపడానికి రెండు రేకుల మధ్య ఉండే ఫైబర్‌గ్లాస్ దూది నిండా ఎలుకల గూళ్లే. ఆ దూది అంతా మూటలు కట్టి పారేశాకే వాసన పోయింది.

ఒక్క జాగ్రత్త చెప్తాను. ఎలుకల పెంటికలు పొడి చీపురుతో ఊడవొద్దు. హాంటావైరస్ గాల్లోకి లేస్తుంది. ముందు బ్లీచ్ నీళ్లతో బాగా తడిపి, ఎన్95 మాస్కు, గ్లవుజులు వేసుకుని తడిగుడ్డతో ఎత్తండి. పిల్లల్ని ఆ రోజుల్లో షెడ్డు దగ్గరికి రానివ్వకండి.

పద్నాలుగేళ్లు పొలంలో ఉన్న బండికి ఎలుకలు పట్టలేదంటే నేను నమ్మను.

వరంగల్_వడ్రంగి:

తమ్ముడు చెప్పిన ఎలుకల సంగతి నిజమే, కానీ దానికి దూది మార్చాలి, చెక్క సామాను పారేయక్కర్లేదు. రేకులు విప్పడానికి సామాను బయటికి తీస్తావు కదా, తీసినదాన్ని జాగ్రత్తగా నంబర్లు వేసి దాచి మళ్లీ బిగించు.

నేను ముప్పై ఏళ్లుగా చెక్క పని చేస్తున్నా. ఆ కాలపు ట్రైలర్ అల్మారా ఒకటి విప్పి చేత్తో ఎత్తి చూడు. పలచటి ప్లైవుడ్, అల్యూమినియం అంచులు, అంతే. ఒక మనిషి సులువుగా మోసుకుపోతాడు. ఇప్పుడు దుకాణంలో దొరికే కిచెన్ క్యాబినెట్ పార్టికల్ బోర్డుతో చేస్తారు, దాని బరువు ఎన్నో రెట్లు. దాని మీద రాయి కూడా పెడతామంటున్నారు. ఇల్లు కదలదు కాబట్టి ఇంట్లో ఎంత బరువైనా చెల్లుతుంది. ఇది గంటకు అరవై మైళ్ల వేగంతో గతుకుల మీద పోయే వస్తువు.

బరువు ఎక్కడ పెడుతున్నామన్నది ఇంకా ముఖ్యం. బండి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు హిచ్ (లాగే బండికి తగిలించే కొక్కెం) మీద పడాలి. వంటగది వెనక్కి జరిపి, పెద్ద ట్యాంకు కూడా వెనకే పెడితే ఆ లెక్క తప్పుతుంది. హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలై, లాగే బండినే తిప్పేస్తుంది. ఫ్యాక్టరీ వాళ్లు లెక్క చూసుకునే ఆ అమరిక పెట్టారు. దాన్ని మార్చేవాళ్లలో ఎంతమంది ట్రక్ స్టాప్ కాటా మీద తూచి చూసుకుంటున్నారు?

ఒహాయో_రివెట్టు:

ముగ్గురూ కంటికి కనిపించే దాని గురించే మాట్లాడుతున్నారు. షట్టర్లు, రంగు, రాయి, అవన్నీ తర్వాత. ఈ బండి రోడ్డెక్కుతుందా లేదా అన్నది కాళ్ల కింద ఉన్న మూడు వస్తువులు తేలుస్తాయి: నేల ప్లైవుడ్, దాని కింద ఇనుప ఫ్రేమ్, యాక్సిల్స్. నేను ఇప్పటికి నాలుగు బళ్లు విప్పి కట్టాను. నాలుగింటికీ ముందు ఖర్చు అక్కడే అయింది.

ఎలా కట్టారో ముందు తెలుసుకో. ఇనుప ఫ్రేమ్ మీద ప్లైవుడ్ పరిచారు. ప్లైవుడ్ అంచు మీద అల్యూమినియం ఛానెల్ పెట్టి, మూడింటినీ కలిపి బోల్టులు వేశారు. పైన వెండి గుడ్డులా కనిపించే గుల్ల ఆ ఛానెల్‌కు రివెట్లతో అతుక్కుని ఉంటుంది. అంటే గుల్లకూ ఫ్రేమ్‌కూ మధ్య పట్టు ఆ ప్లైవుడ్ అంచే. వెనక బంపర్ దగ్గర పట్టీ కింది నుంచి నీళ్లు దిగి ఆ అంచు కుళ్లిందా, బోల్టు తల దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. గుల్ల దారి గుల్లది, ఫ్రేమ్ దారి ఫ్రేమ్‌ది. 1970ల నాటి పొడుగు బళ్లలో, అదీ వెనక బాత్రూమ్ ఉన్నవాటిలో, ఇది పేరు మోసిన జబ్బు.

పరీక్ష సులువు. ఒకరు వెనక బంపర్ మీద నిలబడి మెల్లగా ఎగరాలి. ఇంకొకరు బంపర్‌కూ గుల్ల కింది అంచుకూ మధ్య వేలు పెట్టి చూడాలి. బంపర్ కిందికి దిగుతూ గుల్ల అక్కడే ఉండిపోతే విడిపోయినట్టే.

ఇక యాక్సిల్. 1961 నుంచి ఎయిర్‌స్ట్రీమ్ వాళ్లు డ్యూరా-టార్క్ యాక్సిల్ వాడారు. దానికి స్ప్రింగు కమాను ఉండదు. ఇనుప గొట్టంలో కడ్డీ, కడ్డీ చుట్టూ రబ్బరు. చక్రం పైకి లేచినప్పుడు ఆ రబ్బరు మెలి తిరిగి కుదుపు మింగేస్తుంది. నడిపినా నడపకపోయినా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. గట్టిపడ్డాక సస్పెన్షన్ లేనట్టే. ప్రతి గుంతా నేరుగా ఫ్రేమ్‌కు, అక్కడి నుంచి రివెట్లకు కొడుతుంది. జాకీ పెట్టి చక్రాన్ని గాల్లోకి లేపు. చక్రాన్ని పట్టుకునే చేయి బాగా కిందికి దిగాలి. దిగకపోతే రబ్బరు చచ్చిపోయినట్టు. జాకీ మాత్రం యాక్సిల్ గొట్టం కింద పెట్టొద్దు. యాక్సిల్ బిగించిన చోట ఫ్రేమ్ కింద పెట్టాలి.

ఈ రెండు పరీక్షలూ చేసి రా. అప్పుడు పీకాలా వద్దా అన్నది మాట్లాడుకుందాం.

ప్లేనో_పాతబండి:

శనివారం చేశాం. రాయాలంటేనే బాధగా ఉంది.

మా ఆవిడ బంపర్ ఎక్కింది. నేను నేల మీద పడుకుని టార్చి వేసి చూపుడు వేలు సందులో పెట్టాను. తను మొదటిసారి ఎగరగానే వేలి చుట్టూ సందు తెరుచుకుంది. అర అంగుళం పైనే ఉంటుంది. తను దిగగానే మళ్లీ మూసుకుంది. లోపలికి వెళ్లి బాత్రూమ్ మూలలో వినైల్ ఎత్తి స్క్రూడ్రైవర్ గుచ్చితే టీలో ముంచిన బిస్కెట్‌లా పిడి దాకా దిగిపోయింది. ముందు వైపు, మధ్యలో మాత్రం ప్లైవుడ్ గట్టిగానే ఉంది. యాక్సిల్ చేయి జాకీ లేపినా కదల్లేదు. నాలుగు చక్రాలదీ అదే తీరు.

ఇంకొకటి. గ్రే ట్యాంకు లేదు. సింకు నీళ్లు, స్నానం నీళ్లు పైపులోంచి నేరుగా బయటికి పోయేట్టు ఉంది. ఇప్పుడు ఏ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ అలా ఒప్పుకోరు కదా.

ఒహాయో_రివెట్టు:

బాధపడకు. బళ్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి, నీకు ముందే తెలిసింది, అది మంచిదే.

యాక్సిల్స్ రెండూ మార్చాల్సిందే, అందులో చర్చ లేదు. కొత్త రబ్బరు టార్షన్ యాక్సిల్స్ ఇప్పటికీ కొలత చెప్పి చేయించుకోవచ్చు. చేయి కిందికి వంగే కోణం పాతదాని ప్రకారం 22.5 డిగ్రీలు చెప్పు. బ్రేకులు దానితోనే కొత్తవి వస్తాయి. నేల మాత్రం వెనక ఆరేడు అడుగులే కుళ్లి ఉంటే గుల్ల మొత్తం ఎత్తనక్కర్లేదు. వెనక భాగం వరకు లోపలి రేకులు కింద సగం విప్పి, గుల్లకు లోపలి నుంచి అడ్డకర్రలు బిగించి, పాత ప్లైవుడ్ ముక్కలు చేసి లాగేయ్. కొత్త షీటు రెండు ముక్కలుగా కోసి ఛానెల్ కిందికి జరిపి మధ్యలో అతుకు వేయి. అంచులన్నిటికీ ఎపాక్సీ పట్టించు. ఫ్రేమ్ కనిపించినప్పుడే తుప్పు గీకి వెల్డింగ్ చేయించు, గ్రే ట్యాంకు కూడా అప్పుడే ఫ్రేమ్ కమ్మీల మధ్య కూర్చోబెట్టు.

అడ్డకర్రలు లేకుండా లోపలి రేకులన్నీ ఒకేసారి విప్పొద్దు. ఈ బండికి బలం లోపలి రేకు, బయటి రేకు, మధ్య పక్కటెముకలు కలిసి ఇచ్చేదే. విమానం లాంటిది. ఒకటి తీస్తే మిగతాది వంగుతుంది.

నెల్లూరోడు_ఆస్టిన్:

చూశారా, సగం పీకాల్సిందే అని తేలింది. సగం పీకినవాడు మిగతాది ఎందుకు ఆపాలి? ఆ ముందు భాగంలో దూది కూడా యాభై ఏళ్లదే. మూడేళ్ల తర్వాత మళ్లీ విప్పే బదులు ఇప్పుడే చేస్తే ఒక్క కష్టంతో పోతుంది.

గుంటూరు_గరిటె:

నేను వంట వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే మన ఇళ్లలో ట్రైలర్ కొనేదే దారిలో మన తిండి మనం వండుకోవడానికి.

మేం మూడేళ్ల కింద "పూర్తిగా రీమోడల్ చేసిన" 1969 బండి ఒక అమ్మకందారు దగ్గర కొన్నాం. లోపల తెల్లగా మల్లెపువ్వులా ఉండేది. మొదటి వానకే కిటికీ కింద తెల్ల రంగు బుడగలు కట్టింది. గీకితే కింద కుళ్లిన చెక్క మీదే కొత్త ఫ్లోరింగ్ అతికించారు. నేల మళ్లీ చేయించడానికి కొన్నదాంట్లో సగం ఖర్చు అయింది. అందుకే చెల్లికి నా మాట: తెల్ల రంగు తప్పేం కాదు, కానీ అది అన్నిటికంటే చివర వేయాలి. రేకులు విప్పి ఉన్నప్పుడు బయటి నుంచి హోస్‌తో ఒక గంట నీళ్లు కొట్టి, లోపల ఎక్కడ చెమ్మ వస్తుందో చాక్‌పీస్‌తో గీయించు.

ఇండక్షన్ విషయం కూడా లెక్క వేసుకోండి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 1,200 వాట్-అవర్లు. 1,500 వాట్ల మీద ఇండక్షన్ ముప్పావు గంట నడిస్తే అయిపోతుంది. కుక్కర్‌లో అన్నం, ఇంకో కుక్కర్‌లో పప్పు, ఒక పోపు. అంతటితో రాత్రి లైట్లకు కూడా మిగలదు. మా 750 వాట్ల మిక్సీ మాత్రం మూడు నిమిషాల్లో పచ్చడి నూరేస్తుంది, దానికి పెద్దగా కరెంటు పట్టదు. అందుకే పొయ్యి గ్యాస్‌దే ఉంచాం, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ గట్టిది పెట్టించాం. ఇంగువ పోపు వేస్తే పరుపులకు వాసన పట్టకుండా ఉండాలంటే ఫ్యాన్ ముఖ్యం.

కరెంటు_పని:

గరిటె గారి లెక్క సరిగ్గా ఉంది. గ్యాస్ ఉంచేటట్టయితే పాత రాగి పైపు మొత్తం మానోమీటర్ (గ్యాస్ ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి టెస్టు చేయించండి. ప్రొపేన్ డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ రెండూ పెట్టండి. పాత బండితో అవి రావు.

1970ల తొలి ఏళ్ల బళ్లు కొన్నింటికి 120 వోల్టుల వైరు అల్యూమినియందే. ఒక ప్లగ్ విప్పి తీగ రంగు చూడండి. వెండి రంగులో ఉంటే ఏ జాయింటు దగ్గరైనా వదులై వేడెక్కవచ్చు, మార్చేయండి. యూనివోల్ట్ అనే పాత కన్వర్టర్ (బయటి కరెంటును 12 వోల్టులకు మార్చి బ్యాటరీ ఛార్జ్ చేసేది) ఉంటుంది. అది కొత్త బ్యాటరీని పాడు చేస్తుంది, తీసేయండి. లిథియం బ్యాటరీ 0 డిగ్రీల కింద ఛార్జింగ్ తీసుకోకూడదు. ఎల్లోస్టోన్‌లో జూన్ రాత్రుళ్లు కూడా అంత చలి పడుతుంది, కాబట్టి బ్యాటరీ బయట, ముందు హిచ్ దగ్గరి ఫ్రేమ్ మీద కాకుండా లోపల మంచం కింద పెట్టుకోండి.

వరంగల్_వడ్రంగి:

ఇప్పటిదాకా అందరూ చెప్పినవాటిలో ఒక్కటి కూడా షట్టర్లు పారేయమనదు. యాక్సిల్, నేల, వైరు, దూది, ట్యాంకు, అన్నీ మార్చు, నేను కాదనను. అవి మనిషి ప్రాణానికి సంబంధించినవి. కానీ ఆ అల్మారాలు ఎవరి ప్రాణానికి అడ్డు వచ్చాయి?

చంద్రుడి మీద నుంచి దిగిన అపోలో 11 వాళ్లను 1969లో ఉంచిన క్వారంటైన్ బండి ఎయిర్‌స్ట్రీమ్‌నే మార్చి చేశారు. వర్జీనియాలో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ల ఉద్వార్-హేజీ సెంటర్‌లో ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను. ఆ గుల్ల బయటి నుంచి చూస్తే మన తమ్ముడి బండి గుల్లే. నాలుగేళ్ల తేడాతో కట్టిన వస్తువు మన చేతికి వచ్చిందంటే, మన తర్వాత ఇంకొకరి చేతికి అలాగే వెళ్లాలని నాకు ఉంటుంది.

నెల్లూరోడు_ఆస్టిన్:

అన్నా, మీ మాట గౌరవిస్తాను. కానీ అది మ్యూజియంలో ఉంది, ఇందులో ఇద్దరు పిల్లలు పడుకోవాలి. పాత అమరికలో రెండు సన్నటి మంచాలు, ఒక సోఫా. నలుగురికి సరిపోదు. నా ఆర్గోసీలో వెనక బంక్ మంచాలు కట్టాకే మా అమ్మాయి రావడానికి ఒప్పుకుంది. ఇప్పుడు ప్రతి సెలవుకూ తనే గుర్తు చేస్తుంది. బండి వాడకంలో ఉంటేనే ఎవరైనా దాని పైకప్పు కారుతుందో లేదో చూసుకునేది. ఈ ఓవర్‌లాండర్‌ను ఎవరూ ఏమీ పీకలేదు, అయినా పొలంలో కుళ్లింది.

ప్లేనో_పాతబండి:

నెల్లూరోడు తమ్ముడు రాసిన చివరి మాట మా ఇద్దరినీ ఆలోచనలో పడేసింది. రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాం.

యాక్సిల్స్ ఆర్డరు ఇచ్చాం. వెనక నేల, గ్రే ట్యాంకు ఈ చలికాలంలో పూర్తి చేస్తాం. గుల్ల ఎత్తం. దూది మొత్తం మారుస్తాం, కానీ వెనక సగం అయ్యి అడ్డకర్రలు బిగించాకే ముందు సగం రేకులు ముట్టుకుంటాం. పొయ్యి గ్యాస్‌దే. రాయి వద్దని మా ఆవిడే అంది, వడ్రంగి అన్న అల్మారా ఎత్తి చూడమన్నది చేశాక. సోఫా స్థానంలో పిల్లలకు మడత బంక్ కడతాం, తేలిక ప్లైవుడ్‌తో, యాక్సిల్స్‌కు ముందు వైపునే. రంగు విషయం ఇంకా తేలలేదు.

నిన్న వెనక బాత్రూమ్ గోడ రేకు మొదటిది విప్పాను. దాని వెనక వైపు ఎవరో పనివాళ్లు పెన్సిల్‌తో కొలత రాసుకున్న అంకెలు, కింద ఒక గీత. నిన్న రాసినట్టు నల్లగా ఉన్నాయి. ఫోటో తీసి మా ఆవిడకు చూపించాను. ఆ రేకు లోపలి వైపు మాత్రం దేనితోనూ తుడవకుండా అలాగే తిరిగి బిగిద్దాం అంది.

వరంగల్_వడ్రంగి:

మంచిది తమ్ముడూ. షట్టర్ల పట్టాల్లో నూనె వేయొద్దు, దుమ్ము పట్టి బిగుసుకుంటాయి. మైనపు కొవ్వొత్తి ముక్కతో రుద్దు. బంక్ కోసం ఏదైనా అర తీసేయాల్సి వస్తే ఆ షట్టరు నాకు పంపు, పంపే ఖర్చు నేను పెట్టుకుంటా.