సమస్య: ఎడమచేయి కుడిగ నెంచఁబడియె

ఇది ఆటవెలదిలో నాలుగవ పాదం. వర్ణనాంశం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగర వర్తకుడు యాకోబ్ ఫుగ్గర్ (1459–1525) రాగిరేకు చిత్తరువు. ఆ వంశం వారి ముఖచిత్రాలను డొమినికస్ కుస్టోస్ చెక్కి, 1593లో ఆ నగరంలోనే గ్రంథంగా వెలువరించాడు. సన్నని ఉలితో రేకుపై గాడులు తీసి, వాటిలో సిరా నింపి, పైన మిగిలినది తుడిచి, తడికాగితం పరచి ఒత్తితే బొమ్మ తిరగబడి పడుతుంది. అందువల్ల చెక్కేవాడు పేరులోని అక్షరాలను సైతం అద్దంలో కనబడినట్లు కుడి నుండి ఎడమకు తిప్పి చెక్కవలసి ఉంటుంది.

మొదటి పూరణ:

రాగి రేకు పైన రమ్యముగాఁ జెక్క
నచ్చు నొత్తినంత నద్దమట్లు
తిరుగఁబడియె రూపు దిద్దిన పటమందు
నెడమచేయి కుడిగ నెంచఁబడియె

పరిశీలన: విరోధం చక్కగా తీరింది, ధార కూడా బాగుంది. అయితే "రమ్యముగా" యతి కోసం వచ్చిన పదమే. అక్కడ ఉలి కనిపించి ఉంటే పద్యం బరువెక్కేది. సెట్టి ఊసే లేకపోవడం పెద్ద లోటు.

రెండవ పూరణ:

అప్పు లిచ్చి చార్లు నభిషిక్తుఁ జేసిన
ఫుగ్గ రనెడు సెట్టి పొంత నిల్వ
రాజు కెడమ వైపు రాజిల్లు నాతని
యెడమచేయి కుడిగ నెంచఁబడియె

పరిశీలన: కుడిభుజం అనే నుడిని ధ్వనింపజేసిన తీరు నాకు ఎంతో నచ్చింది. ఛార్లెస్‌ను (పద్యంలోని చార్లు) పవిత్ర రోమన్ చక్రవర్తిగా ఎన్నుకొన్న 1519 ఎన్నికకు అయిన సుమారు 8,50,000 ఫ్లోరిన్లలో (బంగారు నాణేలు) 5,43,000కు పైగా ఫుగ్గర్ సమకూర్చినవే కనుక మొదటి పాదం నిజమే. కాని ఎన్నిక ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగినప్పుడు ఛార్లెస్ స్పెయిన్‌లో ఉన్నాడు. "పొంత నిల్వ" అన్నది చరిత్రకు పొసగదు. పైగా చిత్తరువు పూర్తిగా జారిపోయింది.

మూడవ పూరణ:

రాగి గనుల వలన రాశిగా ధనమంది
రాగిలోనె తుదకు రాజు వోలె
నిలిచె సెట్టి రూపు నిలువుటద్దము రీతి
నెడమచేయి కుడిగ నెంచఁబడియె

పరిశీలన: హంగేరీ రాజ్యంలోని నోయిజోల్ గనుల రాగి ఫుగ్గర్ సంపదకు ఒక మూలస్తంభం. ఏ లోహం అతనిని ధనికుణ్ణి చేసిందో ఆ లోహంపైనే అతని ముఖం నిలవడాన్ని పట్టుకున్న ఈ కవయిత్రి గారి చూపుకు నా నమస్కారం. "రాగి" రెండు పాదాల మొదట రావడం పునరుక్తి అని ఒక సభ్యులు అన్నారు. నేను ఒప్పుకోను, పద్యానికి ప్రాణం అదే. అన్వయంలో మాత్రం చిన్న చిక్కు ఉంది: ధనమందినది సెట్టి, నిలిచినది రూపు, కర్త మారింది. గణం చెడకుండా సవరించవచ్చునని చెప్పగా కవయిత్రి గారు అంగీకరించి ఇలా మార్చారు:

నిలిచె సెట్టి తాను నిలువుటద్దము రీతి