అప్‌డేట్: బీఎండబ్ల్యూ ఎక్స్3 కారు ముందు బ్రేక్ ప్యాడ్‌లు ఇంట్లోనే మార్చేశాను

డాష్‌బోర్డులో బ్రేక్ వార్నింగ్ లైట్ వెలిగింది, ప్యాడ్‌లు నేనే మార్చుకోవచ్చా అని పోయిన నెల అడిగాను కదా. ఆదివారం మా సెల్లార్‌లో పని పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

చక్రాల బోల్టులు నేల మీద ఉండగానే వదులు చేశాను. జాకీని నమ్ముకోకుండా స్టాండ్‌లు పెట్టాను. క్యాలిపర్ (ప్యాడ్‌లను డిస్క్‌కి నొక్కే భాగం) గైడ్ పిన్‌లకు, అంటే దాన్ని పట్టి ఉంచే బోల్టులకు, 7 ఎంఎం అలెన్ కీ కావాలి, మామూలు సెట్‌లో అది ఉండదు. దానికోసమే రెండు షాపులు తిరిగాను.

కొత్త ప్యాడ్‌లు పట్టేలా క్యాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడే అసలు టెన్షన్. బ్రేక్ ఫ్లూయిడ్ ఉండే రిజర్వాయర్ మూత తీసి, ఫ్లూయిడ్ పొంగకుండా చూస్తూ మెల్లగా నెట్టాను. అది పెయింట్ మీద పడితే పాడైపోతుంది. క్యాలిపర్‌ను బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాను.

ముందు ఎడమ చక్రం దగ్గరి సెన్సర్ (ప్యాడ్ అరుగుదలను చెప్పేది) అరిగిపోయింది. కొత్తది వేశాకే కారులోని బ్రేక్ సర్వీస్ హెచ్చరిక రీసెట్ అయింది. సెన్సర్‌ను ప్యాడ్‌లతో పాటే కొనమన్నవారి మాట విన్నందుకు ఒక ట్రిప్పు తప్పింది.

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, దయచేసి మర్చిపోవద్దు. మొదటి తొక్కుడుకి అది నేలకు తగిలింది. వెనక ప్యాడ్‌లు మాత్రం మెకానిక్‌కే ఇస్తాను. అక్కడ ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంది.