సత్ప్రసాద వేళ ‘స్లేన్’ బాణీ కుదురుతుందా? శ్రుతి, వేగం దగ్గర ఇబ్బంది

ఆల్టో_వరుస:
మార్చి 17న, పునీత పాట్రిక్ స్మరణ రోజున, మా విచారణలో (చర్చి పరిధిలో) ఇంగ్లిష్ పూజ ఉంది. దైవప్రేమ పాటగా ‘బీ దౌ మై విజన్’ అనుకున్నాం, బాణీ స్లేన్. పుస్తకంలో ఇ-ఫ్లాట్ (E♭) శ్రుతిలో ఉంది. రెండో వరుసలో శ్రుతి దిగిపోతోంది, మూడో వరుసలో ఆడవాళ్ల గొంతు బిగుసుకుంటోంది, చివరి చరణానికి వచ్చేసరికి పాట ఈడుస్తోంది. గిటార్, కీబోర్డ్ ఉన్నాయి. సత్ప్రసాదం (కమ్యూనియన్) పంచేటప్పుడు పాడొచ్చా? అసలిది లౌకిక బాణీ కదా అని ఒకరు అభ్యంతరం చెప్పారు.

కీబోర్డ్_మెట్లు:
డి (D) శ్రుతికి దించండి. ఈ బాణీ మంద్ర పంచమం నుంచి తార షడ్జం దాకా వెళ్తుంది. డి లో పెడితే పై స్వరం డి దగ్గరే ఆగుతుంది, సభ మొత్తానికీ అందుతుంది. సి దాకా మాత్రం దించకండి, మొదటి వరుసలోని మంద్ర పంచమం ఆడవాళ్ల గొంతులో వినపడదు. ఇ-ఫ్లాటే కావాలంటే గిటార్‌కి మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగల్ని నొక్కి ఉంచే బిగింపు) పెట్టి డి కార్డులే పట్టుకోవచ్చు.

మొదటి వరుస ఇలా: స స రిస | ద ప ద | స స రి | గ. ఇందులో ద, ప మంద్రంలోవి. మూడో అక్షరం మీద రిస రెండూ సగం సగం మాత్రలు. అక్కడ తొందరపడితే వరుసంతా కుంటుతుంది. రెండో వరుస రిషభం మీద నాలుగుసార్లు నిలబడుతుంది. శ్రుతి జారేది సరిగ్గా ఇక్కడే, ఒకే స్వరాన్ని మళ్లీ పలికేటప్పుడు ఊపిరి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. ప్రతి ‘రి’నీ కాస్త పైకి ఊహించుకుని పాడమనండి.

ఈడ్చడానికి కారణం మూడు మాత్రల్నీ సమానంగా నొక్కడం. త-కి-ట లో ‘త’ ఒక్కటే బరువు. నిమిషానికి 100 మాత్రలు పెట్టుకోండి. చరణం 16 ఆవర్తాలు, అంటే 48 మాత్రలు, అరనిమిషంలోపే అయిపోతుంది. వరుస చివరి మూడు మాత్రల స్వరాన్ని రెండు పాడి, మూడోదానికి ఊపిరి తీసుకుంటే తర్వాతి వరుస ఆలస్యం కాదు.

విచారణ_పాటలు:
పై లెక్కే చూడండి: నాలుగు చరణాలు రెండు నిమిషాలు. సత్ప్రసాద వరుస అంతకంటే పొడుగుంటుంది. పైగా పల్లవి లేదు, ఏ వరుసా తిరిగి రాదు, నడిచి వెళ్లేవాళ్లు పుస్తకం లేకుండా అందుకోలేరు. అందరూ కూర్చున్నాక, సత్ప్రసాదం తర్వాత కృతజ్ఞతా గీతంగా పాడండి. అప్పుడు సభంతా కలిసి పాడడానికి పూజాక్రమం వీలిస్తుంది.

పంచే వేళకు ‘సెయింట్ కొలంబా’ బాణీ మేలని నా అభిప్రాయం. స్లేన్ లాగే అదీ ఐరిష్‌దే. దానికి పాడే ‘ద కింగ్ ఆఫ్ లవ్ మై షెపర్డ్ ఈజ్’ సాహిత్యాన్ని హెన్రీ బేకర్ 1868లో ప్రచురించారు. కాపరి కీర్తన (బైబిల్‌లో 23వ కీర్తన) ఆధారం, ఆరు చరణాలు. అయిదో చరణంలో సిద్ధం చేసిన బల్ల, పానపాత్ర వస్తాయి, నేరుగా సత్ప్రసాదానికి తగులుతాయి. దీన్ని గాయకబృందం ఒక్కటే పాడినా సరిపోతుంది.

ఒక జాగ్రత్త. మార్చి 17 ఐర్లాండ్‌లో మహోత్సవం, మనకు తపస్సుకాలపు (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల) రోజు. వాయిద్యాలు పాటకు ఊతంగా మాత్రమే ఉండాలి. చరణాల మధ్య కీబోర్డ్ సోలో వద్దు.

పాత_బాణీలు:
అభ్యంతరం గురించి. ఈ బాణీని 1909లో పాట్రిక్ వెస్టన్ జాయిస్ తన ఐరిష్ జానపద సంకలనంలో అచ్చువేశారు, అప్పుడది లౌకిక గీతమే. పాత ఐరిష్ ప్రార్థనను మేరీ బైర్న్ 1905లో ఇంగ్లిష్ వచనం చేశారు, ఎలినార్ హల్ 1912లో పద్యం చేశారు. ఆ పద్యమూ ఈ బాణీ 1919లో ఒకచోట చేరాయి. పేరు మీత్ కౌంటీలోని స్లేన్ కొండది, పునీత పాట్రిక్ పాస్కా (ఈస్టర్) జ్యోతి వెలిగించాడని సంప్రదాయం చెప్పే చోటు. పూజలో ముందుగా చూడాల్సింది సాహిత్యం, దానికి పీఠాధిపతుల (బిషప్పుల) ఆమోదం. ఇక బాణీ అంటారా, వందేళ్లకు పైగా ఈ ప్రార్థననే మోస్తోంది.

ఆల్టో_వరుస:
డి ఖాయం. స్లేన్ సత్ప్రసాదం తర్వాత, కొలంబా పంచేటప్పుడు. రేపటి రిహార్సల్లో ముందు రెండో వరుస ‘రి’ల మీదే కూర్చుంటాం.