2 అంగుళాల వీడియో టేపును బ్లేడుతో కోస్తే సౌండ్ ఏమయ్యేది?

పాత వీడియో ఎడిటింగ్ గురించి తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయగలరా? 1956లో అమెరికా కంపెనీ ఆంపెక్స్ తెచ్చిన క్వాడ్ రికార్డర్ (2 అంగుళాల వెడల్పు టేపు వాడే తొలి తరం వీడియో మెషిన్) దగ్గర ఆగిపోయాను.

ఫిల్మ్ సంగతి సులువే. ఫ్రేములు కంటికి కనిపిస్తాయి, రెండింటి మధ్య గీత చూసి కోసి అతికిస్తే సరి. వీడియో టేపు మీద ఏమీ కనిపించదు. పైగా క్వాడ్‌లో గిర్రున తిరిగే చక్రం మీద నాలుగు హెడ్లు (టేపు మీద రికార్డ్ చేసే, చదివే అయస్కాంత భాగాలు) ఉండి, బొమ్మను టేపుకు అడ్డంగా గీతలు గీతలుగా రికార్డ్ చేస్తాయి. టేపేమో సెకనుకు 15 అంగుళాల చొప్పున నడుస్తుంది. సన్నని ఇనుప పొడి కలిపిన, త్వరగా ఆరిపోయే ద్రవం పూస్తే కంట్రోల్ ట్రాక్ పల్సులు (టేపు నడకను, హెడ్ల తిరుగుడును జత కలిపేందుకు టేపు అంచున రికార్డ్ చేసిన గుర్తులు) బయటపడేవనీ, మైక్రోస్కోప్‌లో చూస్తూ సరిగ్గా అక్కడ బ్లేడు వేసేవారనీ చదివాను. ఆ ఓపికకు దండం పెట్టాలి!

నాకు అంతుపట్టనిది సౌండ్. సౌండ్ హెడ్ వీడియో హెడ్లకు దూరంగా ఉంటుంది కాబట్టి ఒకే క్షణానికి చెందిన బొమ్మా, మాటా టేపు మీద ఒకే చోట ఉండవు. తేడా అర సెకను పైనే. మరి రెండింటికీ కలిపి ఒకటే కోత పెడితే మాట మధ్యలో తెగిపోదా? సౌండ్‌ను ముందే వేరే టేపులోకి కాపీ చేసుకుని, అతికించాక మళ్ళీ ఎక్కించేవారా? లేక మాటల మధ్య ఖాళీ దొరికిన చోటే కోసేవారా?

ఇంకో చిన్న సందేహం: అంత వేగంగా తిరిగే హెడ్లకు అతుకు తగిలితే దెబ్బతినేవి కావా?

ఆ మెషిన్లు నడిపినవాళ్ళు గానీ, వాళ్ళ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఎడిటింగ్ గురించి అక్కర్లేదు, బ్లేడు కాలం వరకు చాలు.