రీవైండింగ్ తర్వాత 100 హెర్ట్జ్ వైబ్రేషన్: ఎయిర్‌గ్యాప్ తేడాయేనా?

జీడిమెట్ల మెయింటెనెన్స్:
55 కిలోవాట్ల 4 పోల్ ఇండక్షన్ మోటర్, 415 వోల్టులు, లోడ్ మీద 1480 ఆర్‌పీఎం, పంపుకి కట్టి ఉంది. రీవైండింగ్‌తో పాటు డ్రైవ్ ఎండ్ బేరింగ్ హౌసింగ్‌కి స్లీవ్ వేయించాం. బిగించినప్పటి నుంచి గుయ్యిమని మోత. అడ్డంగా 100 హెర్ట్జ్ దగ్గర 4.5 మి.మీ./సె., నిలువుగా అందులో మూడో వంతు కూడా లేదు. విప్పకుండా ఎక్సెంట్రిసిటీ (తిరిగే రోటర్‌కీ, కదలని స్టేటర్‌కీ మధ్య ఎయిర్‌గ్యాప్ అన్ని వైపులా సమంగా లేకపోవడం) అని తేల్చొచ్చా?

బాలానగర్ వైబ్రేషన్:
ఆ పీక్ 100 దగ్గరుందా, 98.67 దగ్గరా? 1480ని 60తో భాగిస్తే 24.67 హెర్ట్జ్, దానికి నాలుగు రెట్లు 98.67. పంపు ఇంపెల్లర్‌కి నాలుగు వేన్లు (రెక్కలు) ఉంటే పంపు గొడవ సరిగ్గా అక్కడే కనిపిస్తుంది. ఎనలైజర్‌లో 1000 హెర్ట్జ్, 400 లైన్ల సెట్టింగ్ పెడితే ఒక్కో లైను 2.5 హెర్ట్జ్, రెండూ ఒకే ముద్ద. ఎఫ్‌మ్యాక్స్ (చూసే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ) 200, లైన్లు 3200 పెట్టండి; ఒక్కో రీడింగ్‌కి 16 సెకన్లు పడుతుంది, పట్టనివ్వండి.

100కి అటూ ఇటూ 1.33 హెర్ట్జ్ దూరంలో సైడ్‌బ్యాండ్లు (పక్క పీకులు) ఉన్నాయేమో చూడండి (స్లిప్, అంటే 1500కీ 1480కీ తేడా, 0.333 హెర్ట్జ్ × 4 పోల్స్). ఉంటే డైనమిక్ ఎక్సెంట్రిసిటీ, అంటే కనీస గ్యాప్ రోటర్‌తో పాటు తిరుగుతోంది. 100 ఒక్కటే నిలబడితే స్టాటిక్ మీద అనుమానం, అంటే కనీస గ్యాప్ ఒకే చోట నిలిచి ఉంది. యావరేజింగ్ ఆపేసి, రికార్డు నడుస్తుండగా సప్లై కట్ చేయండి. 100 ఆ క్షణమే పడిపోతే అది ఎలక్ట్రికల్. అయినా ఎక్సెంట్రిసిటీ అని రూఢి కాదు: వోల్టేజీ అన్‌బ్యాలెన్స్, లూజైన స్టేటర్ కోర్ కూడా ఇదే పీక్ ఇస్తాయి.

చర్లపల్లి ఫిట్టర్:
అన్నా, ఇప్పుడే విప్పుడెందుకు? ముందుగాల సాఫ్ట్ ఫుట్ (మోటర్ కాలు బేస్ మీద సరిగ్గ ఆనకపోవుడు) చూడుండ్రి. మోటర్ నడుస్తుండంగ ఒక్క కాలు బోల్టు మాత్రం లూజు చేసి 100 పీక్ చూడాలె, మళ్ల టైట్ చేసినంకనే ఇంకో కాలు. ఏదన్న కాలుకు పీక్ సగానికి పడిపోతే ఫ్రేమ్ మెలి తిరిగినట్టే, గ్యాప్ దానితోనే పక్కకు పోతది. మోటర్ ఆపి డయల్ పెట్టుండ్రి, కాలు 0.05 మి.మీ. కన్న ఎక్కువ లేస్తే షిమ్ (కాలు కింద పెట్టే రేకు) వెయ్యాలె. నాలుగైదు పల్చటి షిమ్ములు కుక్కకుండ్రి, స్ప్రింగు లెక్క ఆడుతయి.

జీడిమెట్ల మెయింటెనెన్స్:
పీక్ సరిగ్గా 100, సైడ్‌బ్యాండ్లు లేవు, సప్లై తీయగానే మాయం. ఏ కాలు వదిలినా 3.9 కంటే దిగలేదు. వోల్టేజీ అన్‌బ్యాలెన్స్ 0.6 శాతం. ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చే పల్చటి రేకులతో) గ్యాప్ కొలవమంటారా?

బాలానగర్ వైబ్రేషన్:
ఆ సైజు మూసిన మోటర్లలో ఫీలర్‌కి సాధారణంగా దారి ఉండదు. ఎండ్ కవర్ తీస్తే రోటర్ కిందికి దిగిపోతుంది, ఆ రీడింగ్‌కి అర్థం లేదు. స్లీవ్ వేసిన ఎండ్ కవర్‌ని లేత్ మీద స్పిగాట్ (కవర్ ఫ్రేమ్‌లో కూర్చునే అంచు) ఆధారంగా పట్టించి, బేరింగ్ బోర్‌లో డయల్ తిప్పించండి. డయల్ మొత్తం 0.20 ఆడితే కేంద్రం 0.10 మి.మీ. జరిగినట్టు. గ్యాప్ 0.8 అనుకుంటే ఆ చివర 12.5 శాతం, మామూలుగా ఒప్పుకునే హద్దు 10. బోర్‌ని బోర్‌తోనే సెంటర్ చేసి తిప్పితే ఈ తప్పు కనపడనే కనపడదు, చాలాచోట్ల జరిగేది అదే. స్పిగాట్, బోర్ ఒకే సెట్టింగ్‌లో సరిచూసి కొత్త స్లీవ్ వేయించండి.

రోటర్ పైన కాస్త తరుగు పట్టిద్దామని ఎవరన్నా అంటే వద్దనండి. నో లోడ్ కరెంటు పెరుగుతుంది, పవర్ ఫ్యాక్టర్ పడుతుంది, కేంద్రం మాత్రం జరిగిన చోటే ఉంటుంది.